విదేశములలో ఆంగ్లబోధన - అనుమతి పత్రముల సంగతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



తెలుగు ప్రాంతములనుండి సముద్రము దాటి బ్రదుకుతెరువు వెదకికొనుట నేటి మాట కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవును చేరినది. చెరకుతోటలలో పనిచేయుటకు ఒప్పుకొన్న కూలీలు అందులో ఉండిరి. నాటినుండి అర్ధశతాబ్దము పాటు మద్రాసు రేవునుండి ఆ దేశమునకును, 1903 తరువాత ఫిజీ దీవులకును వేలకొలది జనులు పోయిరి. వారిలో తెలుగువారును అనేకులు కలరు. పోవుటకు ముందు వారు ఒక ఒప్పందపు కాగితమునకు కట్టుబడవలసి యుండెను. 'అగ్రిమెంటు' అను ఆంగ్లపదమే ఆ కూలీల నోట 'గిరిమిట్' అయినది. ఆ కాగితములో ఏమి వ్రాసి యున్నదో వారిలో పెక్కండ్రు చదువలేకపోయిరి. అందువలన పడిన కష్టములకు చరిత్రయే సాక్షి.

నేడు విదేశములకు పోవువారి స్థితి వేరు. వారిలో పట్టభద్రులు కలరు; ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు కలరు; అన్యదేశముల బాలురకు ఆంగ్లము బోధింపవలెనని పోవు యువకులును, యువతులును కలరు. వీరికి చదువు వచ్చును. పరాయి పిల్లలకు వాక్యనిర్మాణము నేర్పగల శక్తి కలదు. ఐనను ఇంటిలో పొలము కుదువపెట్టి తెచ్చిన డబ్బును ఏజెంటు చేతిలో పోసి, అతడు చూపిన చోటనెల్ల చదువకయే సంతకము చేయుట నేటికిని కనబడుచున్నది. చదువు చెప్పబోవువాడు మొట్టమొదట తన కాగితములను తాను చదువుకొనవలెను. ఈ ప్రసంగమున చెప్పదలచిన సంగతి ఇదియే. ఆ కాగితము లెవ్వియో, ఏ క్రమమున రావలెనో తెలిసికొన్నచో మోసపోవుట చాలవరకు తప్పును.

అనుమతి యనునది ఒకటి కాదు, మూడు. గృహస్థుడు ఒకనిని ఇంటిలోనికి రానిచ్చుట వేరు. తన పొలములో పనికి పెట్టుకొనుట వేరు. ఊరిలో కాపురముండ నిచ్చుట వేరు. అట్లే దేశములోనికి ప్రవేశించుటకు వీసా ఒకటి, పని చేయుటకు అనుమతి ఒకటి, నివసించుటకు అనుమతి ఒకటి. కొన్ని దేశములలో ఈ మూడును ఒకే పత్రములో కలిసి యుండును. కొన్నిట మూడు కార్యాలయములనుండి మూడుగా రావలెను. ఉపాధ్యాయ వృత్తికి వేరుగ లైసెన్సు కోరు దేశములును కలవు. వీనిలో ఏ ఒక్కటి చేత నున్నను తక్కినవి ఉన్నట్లు కాదు. ఈ విషయము గ్రహింపకపోవుటయే అనేక కష్టములకు మూలము.

థాయిలాండు దేశమును చూచినచో ఇది తేటపడును. ఆ దేశ ప్రభుత్వము 2024 జులైలో భారతీయ పర్యాటకులు వీసా లేకయే ప్రవేశించి 60 దినములు ఉండవచ్చునని ప్రకటించినది. అది విహారమునకు వచ్చువారి కిచ్చిన సౌకర్యము. దానితో ప్రవేశించి పాఠశాలలో బోధించుట చట్టవిరుద్ధము. బోధింపదలచినవారికి 'నాన్-ఇమ్మిగ్రెంట్ బి' అను వీసా కావలెను. దానికి వలయు కాగితములను అక్కడి పాఠశాల పంపవలెను. ప్రవేశించిన పిదప కార్మికశాఖ నుండి పని అనుమతి పొందవలెను. వీనికి తోడు ఉపాధ్యాయ మండలి లైసెన్సు కలదు. ఆ మండలి పేరు 'ఖురుసభ'. అది గురుసభ యను సంస్కృతపదమే యని చెప్పిన తెలుగువారికి సంతోషము కలుగును. 2003 నాటి చట్టము ప్రకారము ఉపాధ్యాయుల లైసెన్సులను ఆ సభయే చూచుచున్నది. లైసెన్సు లేనివారికి పాఠశాల కోరిన మీదట తాత్కాలికముగ అనుమతి ఇచ్చు పద్ధతియును కలదు. పని అనుమతి లేకుండ పనిచేయుచు పట్టుబడినవారికి జరిమానాయును, దేశబహిష్కారమును తప్పవు. అప్పుడు జరిమానా చెల్లించువాడు ఉపాధ్యాయుడే కాని, పంపిన ఏజెంటు కాదు.

జపాను దేశపు పద్ధతి మరియొక విధము. అక్కడ మొదటి అడుగు వేయవలసినవాడు ఉద్యోగమిచ్చువాడు. అతడు తన ప్రాంతమందలి ఇమ్మిగ్రేషను కార్యాలయమునకు దరఖాస్తు చేసి, 'అర్హతా ధ్రువపత్రము' అను కాగితము సంపాదించి అభ్యర్థికి పంపును. దాని గడువు మూడు మాసములు. దానిని చూపి ఇచ్చటి జపాను రాయబార కార్యాలయమునందో, కాన్సలు కార్యాలయమునందో వీసా పొందవలెను. ప్రధానమైన విమానాశ్రయములలో దిగినవెంటనే నివాసపు కార్డు ఇత్తురు. అందులో బోధకుల స్థితి రెండు తెరగులు. ప్రభుత్వ పాఠశాలల వంటి విద్యాలయములలో బోధించువారిది ఒకటి; ప్రైవేటు భాషాశిక్షణ సంస్థలలో బోధించువారిది వేరొకటి. ఒక స్థితి గలవాడు రెండవ చోట పనిచేయవలెనన్న ప్రత్యేకముగ అనుమతి కోరవలెను. ఉద్యోగము మారినచో 14 దినములలోపల ప్రభుత్వమునకు తెలుపవలెను. విద్యార్థిగ పోయినవానికి సహితము అనుమతి లేనిదే పని చేయు హక్కు లేదు. అనుమతి దొరకినను వారమునకు 28 గంటలే పరిమితి. చదువుకొనుటకని పోయి పూర్తికాలము బోధింపవచ్చునని ఎవ్వరైన చెప్పిన, అది నమ్మదగిన మాట కాదు.

ఇక దక్షిణ కొరియా సంగతి ప్రత్యేకముగ తెలిసికొనదగినది. అక్కడ విదేశభాషా బోధకులకు 'ఇ-2' అను వీసా కలదు. ఆంగ్లబోధకులకు ఈ వీసాను ఏడు దేశముల పౌరులకే ఇచ్చుట సాధారణ నియమము. అమెరికా, బ్రిటను, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలండు, దక్షిణాఫ్రికా అనునవి ఆ ఏడు. 1860లో చెరకుకూలీగ డర్బన్ చేరినవాని మునిమనుమడు నేడు దక్షిణాఫ్రికా పాస్‌పోర్టుతో దరఖాస్తు చేసిన ఆ ద్వారము తెరచి యుండును. ఇక్కడనే ఉండిపోయిన వాని దాయాదికి మాత్రము తెరచి యుండదు. ఐనను భారతదేశమునకు ఒక చిన్న ద్వారము కలదు. భారత కొరియా దేశముల నడుమ 2009లో కుదిరి, 2010 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము ప్రకారము, పట్టమును, ఆంగ్ల ఉపాధ్యాయ యోగ్యతా పత్రమును గల భారతీయులు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలలో సహాయక ఆంగ్లోపాధ్యాయులుగ పని చేయుటకు అర్హులు. ఈ మినహాయింపు పాఠశాలలకే కాని 'హాగ్వన్' అను ప్రైవేటు శిక్షణాలయములకు కాదు. భారతీయునికి హాగ్వన్‌లో ఆంగ్లబోధకుని ఉద్యోగమిప్పింతునను ఏజెంటు ఎదుటబడిన, ఈ ఒక్క విషయము తెలిసినవాడు అక్కడనే ఆగిపోవును. ఆ దేశము చేరినవారు 90 దినములలోపల పేరు నమోదు చేసికొని నివాసపు కార్డు పొందవలెను, వైద్యపరీక్షకు లోబడవలెను, యజమానిని మార్చుకొనవలెనన్న ముందుగ నియమములు తెలిసికొనవలెను.

చైనాలోను ఇట్టి నిబంధనయే కలదు. 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి విదేశీయుల పని అనుమతులన్నిటిని ఆ దేశము ఒకే పద్ధతిక్రిందికి తెచ్చినది. భాషను బోధించు విదేశీయుడు తన దేశపు మాతృభాషనే బోధింపవలెననియు, పట్టమును, రెండేండ్ల అనుభవమును కలిగి యుండవలెననియు సూత్రము. విద్యాశాస్త్రమున పట్టము కలవారికిని, భాషాబోధన ధ్రువపత్రము కలవారికిని అనుభవపు షరతు సడలింపవచ్చును గాని, మాతృభాషా నియమము అట్లే నిలుచును. ఇందులో ఒక అన్యాయము లేకపోలేదు. అధికారి పరిశీలించునది నాలుకను కాదు, పాస్‌పోర్టును. చక్కని ఆంగ్లము వచ్చిన తెలుగు ఉపాధ్యాయునికంటె, ఎన్నడును పాఠము చెప్పి యెరుగని వేరొక దేశపు పట్టభద్రునికి సులభముగ వీసా దొరకవచ్చును. ఇది బాధ కలిగించు విషయమే. ఐనను అన్యాయమైన నియమమును దాటుటకు దొంగదారి పట్టినవానిని చట్టము అన్యాయమునకు గురియైనవానిగ చూడదు, నేరస్థునిగనే చూచును. కనుక ఏ దేశపు ద్వారము తెరచి యున్నదో ముందు విచారించి, ఆ దేశమునకే ప్రయత్నించుట వివేకము.

ద్వారము తెరచి యున్న దేశములు యోగ్యతను చూచును. గల్ఫు దేశములందలి పాఠశాలలలో భారతీయ ఉపాధ్యాయులు ఏండ్ల తరబడి పని చేయుచున్నారు. యోగ్యత సంపాదించుటకు తెలుగువారు దూరము పోనక్కరలేదు. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసినది. 1972లో ఇతర విదేశీ భాషలును చేరి దాని పేరు మారినది. 2007లో అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది. ఆంగ్లబోధన శాస్త్రమున అక్కడ శిక్షణ కలదు. విదేశములనుండి ఉపాధ్యాయులు వచ్చి అక్కడ నేర్చుకొని పోవుచున్నారు. ఇంటనుండియే ముగింపదగిన 120 గంటల ధ్రువపత్రములు బజారులో ఎన్నియో కలవు. వానిలో పిల్లల నెదుట నిలిపి బోధింపజేయునవి కొన్నియే. కేంబ్రిడ్జి వారి 'సెల్టా' శిక్షణలో ప్రతి అభ్యర్థియు ఆరుగంటలు నిజమైన తరగతిలో బోధింపవలెను. డబ్బు కట్టుటకు ముందు తాను పోదలచిన దేశము ఏ పత్రమును అంగీకరించునో అడిగి తెలిసికొనవలెను. పట్టమిచ్చిన విశ్వవిద్యాలయము గుర్తింపు గలదో కాదో సరిచూచుకొనుటయు ముఖ్యమే. బూటకపు విశ్వవిద్యాలయముల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘమే ప్రకటించుచున్నది.

ఇక ఇంటివద్ద సిద్ధపరచుకొనవలసిన కాగితములు. అన్నిటికంటె ముందు పేరు. తెలుగువారి ఇంటిపేరు పదవ తరగతి పత్రములో పొడి అక్షరముగ నుండును; పట్టములో పూర్తిగ నుండును; పాస్‌పోర్టులో చివరికి పోవును. ఇచ్చట అందరికిని అది ఒకే మనిషియని తెలియును. సియోలులోనో, టోకియోలోనో కూర్చున్న అధికారికి అవి ముగ్గురు మనుష్యుల పేర్లు. పెండ్లియైన స్త్రీల విషయమున ఈ చిక్కు మరింత ఎక్కువ. కావున పుట్టినతేదీయు, పేరును, తండ్రి పేరును అన్ని పత్రములలో అక్షరాక్షరము సరిపోవునట్లు ముందే దిద్దించుకొనవలెను. ఈ పని దరఖాస్తు నాటికి మొదలుపెట్టిన చాలదు. చదువు ముగిసిననాడే మొదలుపెట్టవలెను.

రెండవది పత్రముల ధ్రువీకరణ. ఒక దేశపు పట్టమును వేరొక దేశము నమ్ముటకు 1961 అక్టోబరు 5వ తేదీని హేగు నగరమున ఒక ఒడంబడిక కుదిరినది. దాని ప్రకారము పత్రమునకు అతికించు ముద్రకు 'అపొస్టిల్' అని పేరు. భారతదేశమునకు ఈ ఒడంబడిక 2005 జులై 14వ తేదీనుండి వర్తించుచున్నది. పట్టమును మొదట రాష్ట్ర ప్రభుత్వాధికారి పరిశీలించి ముద్ర వేయవలెను. పిదప కేంద్ర విదేశాంగశాఖ అపొస్టిల్ వేయును. జపాను, కొరియాలు ఈ ఒడంబడికలోని దేశములు. ఐక్య అరబ్ ఎమిరేట్సు ఇందులో చేరలేదు. అట్టి దేశమునకు పోవువారు విదేశాంగశాఖ ముద్ర వేయించుకొన్న మీదట ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్రయును వేయించుకొనవలెను. అక్కడ దిగిన తరువాత ఆ దేశ విదేశాంగశాఖ ముద్రయును కావలెను. అపొస్టిల్‌కు విదేశాంగశాఖ తీసికొను రుసుము పత్రమునకు 50 రూపాయలు మాత్రమే; దరఖాస్తు అందుకొను సంస్థ సేవారుసుము వేరుగ నుండును. ఈ సంగతి తెలిసినవానిని వేలకు వేలు అడుగువాడు ఎందుకడుగుచున్నాడో ప్రశ్నింపవచ్చును.

మూడవది పోలీసు ధ్రువపత్రము. పిల్లల నడుమ పని చేయువాడు నేరచరిత్ర లేనివాడై యుండవలెనని కోరుట న్యాయమే. దీనిని పాస్‌పోర్టు కార్యాలయమే ఇచ్చును. రుసుము 500 రూపాయలు. పెక్కు దేశములు కొద్దిమాసముల లోపల పొందిన పత్రమునే అంగీకరించును. కావున పట్టపు ధ్రువీకరణ ముందు, పోలీసు పత్రము తరువాత అను క్రమము మంచిది. తొందరపడి ఏడాది ముందే తీసికొన్నచో మరల తీసికొనవలసి వచ్చును.

భారతదేశపు చట్టము గూర్చి ఒక మాట. 1922 నాటి పాత చట్టమునకు బదులుగ 1983లో వలస చట్టము వచ్చినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు కొన్ని దేశములకు పనికి పోవునపుడు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెనని అందులో నిబంధన. అట్టి అధికారి కార్యాలయము హైదరాబాదులో కలదు. ఆ అధికారి ఒప్పందమును పరిశీలించిన గాని పనివాడు విమానమెక్కడు. పట్టభద్రునికి ఈ అనుమతి అక్కరలేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తాను చూచుకొనునని చట్టము నమ్మినది. అందుచేత చదువురాని కూలీ ఒప్పందమును ప్రభుత్వము చదువుచుండగా, పట్టభద్రుడైన ఉపాధ్యాయుని ఒప్పందమును అతడు తప్ప చదువువారు లేరు. అతడును చదువనిచో, ఎవ్వరును చదువని కాగితముతో సముద్రము దాటినవాడగును.

ఉద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంటు మాత్రము ఎవ్వరిని పంపినను ప్రభుత్వమువద్ద నమోదై యుండవలెను. నమోదైనవారి జాబితా కేంద్రప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' నందు ఎవ్వరైనను చూడవచ్చును. అభ్యర్థివద్ద తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును అని నియమములలో కలదు. లక్షలడుగువాడు నియమము దాటినవాడే. 'ముందు పర్యాటక వీసాతో పోవలెను, అక్కడ మార్పింతుము' అనువాడు అంతకంటె ప్రమాదకారి. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు బయటపెట్టిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి యువకులను కాంబోడియాకు పంపి, అక్కడ సైబరు మోసములు చేయు ముఠాలకు అప్పగించిరి. వారు ఉపాధ్యాయులు కారు. ఐనను ఆశ చూపిన తీరు ఒకటే. సులభమైన పని, పెద్ద జీతము, వెంటనే ప్రయాణము, కాగితములు తరువాత. కాగితములు తరువాత అన్నచోటనే ప్రయాణము ఆగవలెను.

ఒప్పందము చేతికి వచ్చినపుడు చూడవలసిన విషయములు కొన్ని కలవు. యజమాని పేరు వీసాలోని పేరుతో సరిపోవుచున్నదా; జీతము ఏ దేశపు నాణెములో, ఏ తేదీని ఇచ్చెదరు; వారమునకు బోధించు గంటలెన్ని, బడిలో ఉండవలసిన గంటలెన్ని; నివాసము ఎవరి ఖర్చు; జబ్బు చేసిన వైద్యము ఎవరిది; తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఎవరిది; ఉద్యోగము మధ్యలో మానిన ఏమి చెల్లింపవలెను; పని అనుమతి ఖర్చు ఎవరు భరింతురు. ఆంగ్లములో ఒకటి, ఆ దేశభాషలో ఒకటిగ రెండు ప్రతులున్న యెడల, తగవు వచ్చినపుడు ఏది చెల్లునో అందులోనే వ్రాసి యుండును. అది తప్పక చూడవలెను. నోటిమాటగ చెప్పినదంతయు కాగితముపైకి రావలెను. రాకున్న అది లేనట్లే.

మరియొక ముఖ్య విషయము. పాస్‌పోర్టును యజమాని తనవద్ద దాచుకొందుననిన ఒప్పుకొనరాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము ప్రకారము అది ఎల్లప్పుడును భారత ప్రభుత్వపు సొత్తు. దానిని మోయువానికే అది సొంతము కానపుడు, పరదేశపు యజమానికి ఎట్లు సొంతమగును? వీసాకు, కార్డుకు చూపవలసినపుడు చూపి తిరిగి తీసికొనవలెను. ప్రతి పత్రపు నకలును ఇంటిలో ఒకటి ఉంచిపోవలెను. చేరిన దేశములో భారత రాయబార కార్యాలయపు చిరునామాను ఇంటివారికిని తెలిపి యుంచవలెను. కష్టము వచ్చినపుడు ఫిర్యాదు చేయుటకు విదేశాంగశాఖ 2015లో 'మదద్' అను ఏర్పాటు చేసినది. దానిద్వారా ఊరిలోని తల్లిదండ్రులును అర్జీ పెట్టుకొనవచ్చును.

ఈ సంగతులు ఒక గ్రంథాలయ సభలో చెప్పుటకు కారణము కలదు. పల్లెలలో గ్రంథాలయము వెలసిననాడు, దూరదేశమునుండి వచ్చిన ఉత్తరమును చదివించుకొనుటకు జనులు అక్కడికే వచ్చెడివారు. దస్తావేజు అర్థము గానపుడు గ్రంథపాలకుని అడిగెడివారు. నేడు ఉత్తరములు తగ్గినవి గాని, అర్థముగాని కాగితములు తగ్గలేదు. విదేశమునకు పోదలచిన యువకుడో, యువతియో తన ఒప్పందమును తెచ్చి ఈ బల్లపై పరచి, ఊరిలోని ఉపాధ్యాయునితోను, ప్లీడరుతోను, ఇంతకు ముందు పోయి వచ్చినవారితోను కలిసి పంక్తి పంక్తి చదివినచో, ఆ గంటకాలమువలన ఒక కుటుంబపు పొలము నిలువవచ్చును. పోదలచిన దేశముల నియమములను ఆయా రాయబార కార్యాలయముల ప్రకటనలనుండి సేకరించి, ఏటేట సరిచూచి ఇక్కడ ఒక దొంతరగ ఉంచుట గ్రంథాలయ సంఘమునకు అసాధ్యము కాదు. నియమములు మారుచుండును, నిరుటి కాగితము ఈ యేడు చెల్లకపోవచ్చును. అందుచే ఆ పని ఒకసారితో ముగియునది కాదు, ఏటేట చేయవలసినది. రజతోత్సవము జరుపుకొన్న సంస్థ రాబోవు ఇరువదియైదేండ్లకు ఈ పనిని కూడ తన పనులలో చేర్చుకొనుగాక.